బయమ్మ పొట్లం మీద ఎవరి చేను?

మా ముదిగుబ్బలో వేరుశనగ పొడి కొట్టని ఇల్లు లేదు. కొట్టిన పొడి మీద ఆ కాయ పండించినవాడి పేరు రాసే ఇల్లు మాత్రం ఒక్కటే. అది బయమ్మ ఇల్లు.

బయమ్మ నాకు వరసకు చెల్లెలు. ఎత్తు తక్కువ, గొంతు ఎక్కువ. ఆమె పెరట్లో నిలబడి కోడిని అదిలిస్తే కదిరి రోడ్డు మీద పోయే బస్సు ఆగిపోయేది. మా మనవరాలు ఈ మాట నమ్మదు. నేను కళ్లారా చూశాను. కండక్టరు దిగి, ఎవరో ఎక్కేవాళ్లు పిలిచారనుకుని అటూ ఇటూ చూసి, ఎవరూ లేకపోతే సణుక్కుంటూ మళ్లీ విజిలు వేశాడు.

ఆమె పుట్టిల్లు కుందుర్పి. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒకసారి నాయన వెంట ఎద్దులబండి మీద మండీకి పోయింది. ఆ ఏడు వాళ్ల చేను బాగా కాచింది. దారంతా బస్తా మీద కూర్చుని, కుట్టు సందులోంచి వేలు పెట్టి ఒక్కొక్క కాయ లాగి తిన్నదట. మండీలో సాహుకారి మనిషి వాళ్ల బస్తాలు విప్పి, అప్పటికే అక్కడున్న పెద్ద కుప్ప మీద గుమ్మరించాడు. పిల్ల ఏడుపు అందుకుంది.

"నాయనా, మన కాయలు యాడుండాయి?"

"ఆ కుప్పలోనే ఉండాయమ్మా."

"అందులో మనవి యావి?"

మండీ మనిషి నవ్వాడు. "ఇంగ అన్నీ ఒకటేలే పాపా. కుప్పలో పడినంక నీ చేనేంది, నా చేనేంది!"

వాళ్ల నాయన కూడా నవ్వాడట. ఆ నవ్వును మాత్రం బయమ్మ ఎప్పటికీ క్షమించలేదు. "సాహుకారి మనిషి నవ్వినాడంటే సరేలే అన్నా, వాని పని అది. నాయన యాల నవ్వాల?" అని నన్ను అడిగేది, నేనేదో వాళ్ల నాయన తరఫు వకీలునైనట్టు.

ముదిగుబ్బకు కోడలై వచ్చాక, భర్త సుబ్బన్న గొర్రెల వెంట కొండలు పట్టి తిరుగుతుంటే, బయమ్మ ఇంట్లో పొడి కొట్టి అమ్మడం మొదలుపెట్టింది. ఒక చేను కాయను ఇంకొక చేను కాయతో కలిపి వేయించేది కాదు. ఎర్రనేల గింజ ఒక తీరుగా వేగుతుంది, గరుసునేల గింజ ఇంకో తీరుగా వేగుతుంది, రెండూ ఒకే మంగలంలో వేస్తే ఒకటి మాడుతుంది, ఒకటి పచ్చిగా ఉంటుంది అనేది ఆమె వాదన. అందుకని ఏ చేను కాయ ఆ చేను కాయే వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచి, పొట్లం కట్టి, పైన పెన్సిలుతో ఒక చీటీ రాసి అంటించేది. "తిప్పయ్య చేను". "రామిరెడ్డి గుట్ట కింద చేను". ఊళ్లో జనం అలాగే అడగడం మరిగారు. సంగటిలోకి తిప్పయ్య చేను పొడే కావాలని అలిగిన అల్లుళ్లు ఉన్నారు. తన చేను పొడి అమ్ముడుపోక పక్కవాడిది అమ్ముడుపోతే, ఆ రైతు రాత్రిపూట వచ్చి తన పొడి తానే కొనుక్కుపోయేవాడు. ఎవరో పేరు చెప్పను. ఆయన మనవళ్లు ఇప్పుడు పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు.

పొదుపు సంఘాలు వచ్చిన తర్వాత బయమ్మ పొడి ఊరు దాటింది. ధర్మవరం, కదిరి, అనంతపురం. రెండు వేల ఆరో సంవత్సరం ఎండాకాలంలో సంఘం వాళ్లు బెంగళూరులో అంగడి పెట్టినప్పుడు, అక్కడ వీధివీధికీ దుకాణాలున్న ఒక పెద్ద కంపెనీ మనిషి ఆమె పొడి రుచి చూశాడు. పేరు రామదాసు. హిందూపురం పక్క మనిషే, మన తెలుగే మాట్లాడతాడు, కాకపోతే మధ్యలో కన్నడం దూరుస్తాడు. కొత్త పంట రాగానే సరుకు పంపమన్నాడు. అన్ని దుకాణాల్లోనూ పెడతామన్నాడు. ఒక్క షరతు. పొట్లాలన్నిటికీ ఒకే లేబులు ఉండాలి, అది చుట్టగా చుట్టి రావాలి, వాళ్ల మిషనే దాన్ని అంటిస్తుంది. పెన్సిలు చీటీలు కుదరవు.

బయమ్మ అక్క కొడుకు కిరణ్ అప్పటికి డిప్లొమా చదివి ఇంట్లో ఉన్నాడు. వాడికి ఈ మాట వినగానే రెక్కలొచ్చాయి. చిన్నమ్మను, నన్ను వెంటబెట్టుకుని బెంగళూరు ప్రెస్సుకు తీసుకుపోయాడు. నన్నెందుకంటే ఇంగ్లీషు కాగితాలు చదవడానికి. కాన్వెంటులో సిస్టర్లు నాకు ఇంగ్లీషూ, మోకాళ్ల మీద నిలబడడమూ రెండూ నేర్పారు. రెండోది ఎక్కువ రోజులు నేర్పారు.

ప్రెస్సు యజమాని మంచివాడు. రెండు మిషన్లూ చూపించాడు.

"ఇది ఫ్లెక్సో అమ్మా. మీ పేరు, మీ బొమ్మ మెత్తటి ప్లేటు మీద ఉబ్బెత్తుగా చేస్తాం. ఆఫీసుల్లో రబ్బరు స్టాంపు చూసుంటారు కదా, దాన్ని రోలరుకు చుట్టినట్టు. ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు. ఒకసారి ప్లేట్లు ఎక్కించినామంటే ఇంక చూసుకోనక్కర్లేదు, లక్ష లేబుళ్లైనా చుట్టల మీద చుట్టలు దిగుతూనే ఉంటాయి."

మీట నొక్కాడు. ఆ మిషను పరుగుకు నా పంచె చెంగు కూడా అచ్చయి, చుట్ట చుట్టుకుని, బెంగళూరు దుకాణాలకు పోతుందేమోనని రెండడుగులు వెనక్కి వేశాను. లేబుళ్లు మాత్రం చక్కగా వచ్చాయి. ఎరుపు ఎరుపులా, పచ్చ పచ్చలా.

"ఇందులో పేరు మార్చాలంటే?" అంది బయమ్మ.

"ప్లేటు మార్చాలమ్మా. కొత్త ప్లేటుకు ఖర్చు వేరే. అందుకే కొంచెం కొంచెం కొడితే గిట్టదు. ఒకటే మాట, ఎక్కువ సార్లు కొట్టించుకోవాల."

పక్క గదిలో డిజిటల్ మిషను ఉంది. అది నెమ్మదిగా, పూజారి తీర్థం ఇచ్చినట్టు ఇచ్చేది. ప్లేటు లేదు. కంప్యూటరులో ఏముంటే అది నేరుగా కాగితం మీదికి వస్తుంది. పది కావాలంటే పది, ఆ పదీ పది రకాలుగా కావాలన్నా ఇస్తుంది. అయితే ఒక్కొక్క లేబులూ ఫ్లెక్సో కంటే బాగా ప్రియం. ఎక్కువ కొట్టించినకొద్దీ ఫ్లెక్సో చవకవుతుంది, ఇది మాత్రం దిగదు.

బయమ్మ కొంగు ముడి విప్పి నాలుగు వేయించిన గింజలు తీసింది. అరచేతిలో నలిపి, ఆ నూనె బొటనవేలితో రెండు లేబుళ్ల మీదా గట్టిగా రుద్దింది. ఫ్లెక్సో లేబులు చెక్కు చెదరలేదు. డిజిటల్ లేబులు అంచున కాస్త చెరిగింది. కిరణ్ ముఖం వెలిగింది. యజమాని ఇంకో డిజిటల్ లేబులు ఇచ్చాడు. దాని పైన సన్నటి పొర వేసి ఉంది. దాన్నీ రుద్దింది. ఏమీ కాలేదు.

"అయితే ఇదీ నిలబడతాది," అంది.

"నిలబడతాదిలే చిన్నమ్మా, ఖర్చుకు మనం నిలబడల్ల కదా!" అన్నాడు కిరణ్. "వాళ్లకి ఒకటే లేబులు కావాల, చుట్ట కావాల. ఫ్లెక్సో అయితే రెండూ కుదుర్తాయి. ఇంగ ఆలోచన ఏముండాది?"

"ఫ్లెక్సో అందంగా ఉండాది రా. నేను కాదంటినా? అది ఒకే మాట లక్షసార్లు చెప్తాది. నాకు చేనుకో మాట కావాల. కాయ ఇంటికి రానీ. అప్పుడు చూస్తాం."

తిరిగి వచ్చే బస్సులో కిరణ్ నా పక్కన కూర్చుని హిందూపురం దాకా ఆమె మీద ఫిర్యాదు చేశాడు. హిందూపురం దాటాక నిద్రపోయాడు.

ఆషాఢంలో వాన పడింది. ఒక్క వానే గాని మంచి వాన. ఊరంతా విత్తే గొర్రు పట్టుకుని పరుగెత్తింది. తిప్పయ్య చేను అందరికంటే ముందు మొలిచింది. ఆ చేను చూస్తే ఎవరికైనా ఆశ పుట్టేది. పచ్చగా, బారుగా, ఎక్కడా ఒక్క ఖాళీ లేకుండా. మా నేల మనుషులకు ఒక జబ్బు ఉంది. దశాబ్దాల తరబడి వాన మోసం చేసినా, మొదటి వాన పడగానే అన్నీ మరిచిపోయి పెళ్లిళ్లు కుదుర్చుకుంటారు. కిరణ్ కూడా మా నేల బిడ్డే. బెంగళూరుకు పోయి ఫ్లెక్సో ప్లేట్లు చేయించి, లేబుళ్లు కొట్టించేశాడు. శ్రావణంలో చుట్టలు లారీలో దిగాయి. లేబులు మీద చేను బొమ్మ, సూర్యుడి బొమ్మ, పెద్ద అక్షరాల్లో "ముదిగుబ్బ తిప్పయ్య చేను వేరుశనగ పొడి".

"పేరు కావాలంటివి కదా చిన్నమ్మా. పెట్టించినా చూడు," అన్నాడు గర్వంగా.

బయమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. కదిరి రోడ్డు మీద ఆ పూట ఎన్ని బస్సులు ఆగాయో నేను లెక్కపెట్టలేదు.

"చేను ఇంకా పూత మీదుండాది కదరా! కడుపులో ఉండే బిడ్డకు పెండ్లిపత్రిక కొట్టిస్తార్రా ఎవరైనా?"

"చేను చూసినావా ఎట్లుండాదో? ఇంగెట్ల పోతాది?"

"మన వాన సంగతి నీకు తెల్దా? నువ్వు ఈ సీమలో పుట్టినావా, బిలాత్లో పుట్టినావా?"

తిప్పయ్య మాత్రం సంతోషంతో ఆగలేకపోయాడు. అంతవరకు అతని పేరు అచ్చులో వచ్చింది ఓటర్ల జాబితాలోనూ, బ్యాంకు నోటీసులోనూ. ఒక లేబులు అడిగి తీసుకుని, టవలు మడతలో పెట్టుకుని వారం రోజులు ఊళ్లో తిరిగాడు.

వాన మళ్లీ రాలేదు. పూత నుంచి ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే సమయానికి నేల పెంకులా గట్టిపడింది, ఊడ లోపలికి దిగలేక పైనే ఎండింది. మేఘాలు రాలేదని కాదు. వచ్చేవి. ఊరి మొదట ఉన్న బోర్డు మీద "ముదిగుబ్బ" అని చదువుకుని, పొరపాటున వచ్చామని బెళుగుప్ప దారి పట్టేవి. ఎండకు బల్లులు గోడ మీద కాళ్లు మార్చి మార్చి నిలబడేవి. కార్తీకంలో తిప్పయ్య చెట్లు పీకి చూస్తే, ఉన్న నాలుగు కాయలూ తాలు. గొర్రెలను తోలుకోమని సుబ్బన్నకే చెప్పాడు.

బెళుగుప్ప వైపు మాత్రం మంచి జల్లులు పడ్డాయి. అక్కడ నారాయణ అని బయమ్మకు దూరపు చుట్టం, అతని చేను నిలబడింది. కాయ బాగుంది. కబురు పెట్టి తెప్పించుకుంది. వేయించింది. పొడి ఘుమఘుమలాడింది. ఇంట్లో అటక మీద "తిప్పయ్య చేను" చుట్టలు. కింద నారాయణ చేను పొడి. రామదాసు బండి వచ్చే రోజు దగ్గరపడింది.

"అంటించేద్దాం చిన్నమ్మా," అన్నాడు కిరణ్. "శెనక్కాయ శెనక్కాయే. బెంగళూరోళ్లకు తిప్పయ్య ఎవరో తెల్సా, నారాయణ ఎవరో తెల్సా?"

"నాకు తెల్సు."

"ఎవరడుగుతారు?"

"ఎవరూ అడగరు. కుప్పలో పోసినోడు కూడా ఈ మాటే అనె."

కిరణ్ ఊరుకోలేదు. నేరుగా పోయి తిప్పయ్యనే పిలుచుకొచ్చాడు. పేరు ఎవరిదో ఆ మనిషే ఒప్పుకుంటే ఇంక అడ్డేముంది? తిప్పయ్య వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. మనిషి సగమైపోయాడు.

"అక్కా, అంటించుకోండి. నాకేమీ లేదు," అన్నాడు. "చేను ఎట్లా ఎండిపాయ. పేరన్నా బెంగళూరు పోనీ."

నాకూ ఆ మాట న్యాయంగానే తోచింది. నేనూ తలూపాను. బయమ్మ నా వైపు ఒక చూపు చూసింది. సిస్టర్ల తర్వాత నన్ను అలా చూసిన మనిషి ఆమె ఒక్కతే.

"తిప్పయ్యా, పంట నష్టానికి అర్జీ పెట్టుకుంటివా?"

"పెట్టినాం కదక్కా. ఊరంతా పెట్టినాం. ఇంగా చూసేకి రాలేదు."

"వస్తారు కదా. వచ్చి, నీ చేను ఎండిందంటివే, మరి బెంగళూరు అంగళ్ల నిండా తిప్పయ్య చేను పొడి అమ్ముతాండారే, అది యాడిదప్పా అని అడిగితే ఏం చెప్తావు?"

తిప్పయ్య టవలు మడత తడుముకున్నాడు.

"నీ ఒక్కని సంగతే కాదు. లేబులు మీద ముదిగుబ్బ అని కూడా ఉండాది. ముదిగుబ్బలో పంట పండిందని లక్ష కాగితాలు నేనే అచ్చేసి ఊరూరా పంచినట్టు కాదా? ఎండిందని మనం నోటితో చెప్తాం. పండిందని నా లేబులు చెప్తాది. ఎవరి మాట నమ్ముతారు?"

కిరణ్ నెమ్మదిగా, "అంత దూరం ఎవరు ఆలోచిస్తారు చిన్నమ్మా?" అన్నాడు.

"నేను ఆలోచిస్తిని కదా. పండినప్పుడు పండిందని రాస్తి. ఎండినప్పుడు ఎండిందని ఒప్పుకోవాల. మన కరువు కూడా మనదే రా. దాన్ని పైన రంగు కాగితం ఏసి కప్పేకి నేను ఒప్పుకోను."

"ఆర్డరు పోతాది."

"పోనీ."

"లేబుళ్లకు పెట్టిన దుడ్లు?"

"గొర్రెలు సంతకు తోలి కడతా. మీ చిన్నాయన ఏమీ అనడు. అన్నా నేను ఇనను."

అన్నంత పని చేసింది. ఆ చుట్టలు ఇంట్లో ఉంటే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు అంటిస్తారని, పట్టపగలు, అందరూ చూస్తుండగా, వాటిని వీధిలోకి దొర్లించి కిరసనాయిలు పోసి నిప్పు పెట్టింది. అంటించే జిగురు ఉన్న కాగితం కదా, నల్లటి పొగ కమ్మేసింది. ఆ పొగను చూసి మేఘమనుకుని కొండ మీది నెమళ్లు పురి విప్పి ఆడాయి. నమ్మనివాళ్లు ముదిగుబ్బ వచ్చి నెమళ్లనే అడగవచ్చు. తిప్పయ్య టవలు మడతలోని లేబులు తీసి, ఒకసారి చూసుకుని, తనే మంటలో వేశాడు.

మర్నాడు బయమ్మ నన్ను వెంటబెట్టుకుని అనంతపురం పోయింది. అక్కడ అతావుల్లా అని, పెళ్లి కార్డులు, పాంప్లెట్లు కొట్టే కుర్రవాడు. కొత్తగా రంగుల డిజిటల్ మిషను తెచ్చుకున్నాడు. బెంగళూరులోలా చుట్టలు ఇవ్వలేడు. జిగురు షీట్ల మీద కొట్టి, పైన పొర వేసి, కత్తిరించి ఇస్తాడు.

"ఏమని రాయల్లక్కా?"

"బెళుగుప్ప నారాయణ చేను అని రాయి."

"కంపెనీ పేరు?"

"బయమ్మ."

"బయమ్మ ఫుడ్సా, బయమ్మ ప్రొడక్ట్సా?"

"బయమ్మే. నాకు తోకలు వద్దు."

అతావుల్లా నవ్వి కొట్టాడు. బొమ్మలేమీ లేవు. ఎర్రటి అక్షరాలు, తెల్లటి కాగితం. బయమ్మ బొటనవేలితో నూనె రుద్ది, సరేనంది. అప్పుడే ఇంట్లో ఇంకో బస్తా ఉందని గుర్తొచ్చి, కుందుర్పి నుంచి తమ్ముడు పంపిన కాస్త కాయకు వేరే లేబులు కావాలంది. అతావుల్లా కుర్చీలోంచి లేవకుండానే రెండు మాటలు మార్చి, మళ్లీ నొక్కాడు. "ఇంతేనా!" అని బయమ్మ ఆశ్చర్యపోయింది. "ఇంతేక్కా. ప్లేటు లేదు, పాడు లేదు."

రామదాసు వచ్చాడు. పెద్ద బండి, చల్లటి అద్దాలు. పొడి రుచి చూసి, పోయినసారి కంటే బాగుందన్నాడు. తర్వాత పొట్లం తిప్పి చూశాడు.

"చుట్ట ఏదమ్మా?"

"లేదు."

"ఇదేమి, దీని మీద బెళుగుప్ప, దాని మీద కుందుర్పి?"

"అది బెళుగుప్పది, ఇది కుందుర్పిది. అందుకు."

"అయ్యో రామా. అట్లా ఒప్పుకోరమ్మా. అంగడిలో అన్నీ ఒకే తీరు ఉండాల. తీసుకునేవాళ్లు గుర్తు పట్టల్ల."

"రుచి చూసి గుర్తు పట్టమను."

"బేడమ్మా, మొండితనం వద్దు. ఈసారి ఎట్లనో సర్దుతా. వచ్చే ఏడుకు ఒకే పేరు ఖాయం చేసి, ఫ్లెక్సోలో కొట్టించి పెట్టుకోండి."

"వచ్చే ఏడు వాన యాడ పడతాదో నువ్వు చెప్పు సారూ. ఆ పేరే కొట్టిస్తా."

రామదాసు నా వైపు తిరిగాడు. చదువుకున్నవాడిని, నేనైనా చెబుతానని ఆశ. నేను ఆకాశం వైపు చూశాను. అక్కడా ఏమీ లేదు.

"పేరే లేకుండా పెడతామమ్మా," అన్నాడు చివరికి, మెత్తగానే. "వట్టి వేరుశనగ పొడి అని. ఊరు వద్దు, చేను వద్దు. ఎవరికీ బాధ లేదు."

"కుప్ప," అంది బయమ్మ.

అతనికి అర్థం కాలేదు. బయమ్మ పొట్లాలు తట్టలో సర్దుకుని, తట్ట చంకన పెట్టుకుంది. "టీ తాగి పో సారూ. పొడి మాత్రం బండెక్కదు."

టీ తాగి పోయాడు. మంచి మనిషే పాపం. తన సొంతానికని రెండు పొట్లాలు కొనుక్కుని జేబులో పెట్టుకున్నాడు.

ఆర్డరు పోయినందుకు కిరణ్ ఆమెతో చాలా రోజులు మాట్లాడలేదు. హిందూపురంలో ఏదో ఉద్యోగం చూసుకున్నాడు. గొర్రెల మందలో సగం పోయింది. సుబ్బన్న నిజంగానే ఏమీ అనలేదు, కాకపోతే మిగిలిన గొర్రెలతో ఎక్కువగా మాట్లాడసాగాడు. బయమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ధర్మవరం బస్టాండు, కదిరి సంత, అనంతపురం అంగళ్లు. బెంగళూరుకు పొడి పోలేదు. ఆ దుకాణాల్లో ఇప్పుడు ఎవరిదో పొడి ఉంది. దాని మీద సూర్యుడి బొమ్మ ఉందట. చేను పేరు లేదు.

మరుసటి ఏడు వాన మమ్మల్ని కరుణించింది. తిప్పయ్య చేను కాచింది. అతావుల్లా మిషనులోంచి ఆ పేరు మళ్లీ బయటికి వచ్చింది. లేబులు చూసి తిప్పయ్య పెళ్లాం సుబ్బలక్ష్మమ్మ బయమ్మ ఇంటి మీదికి యుద్ధానికి వచ్చింది.

"ఏమక్కా, తిప్పయ్య చేనా? ఇత్తనం ఏసినోళ్లు ఎవరు, కలుపు తీసినోళ్లు ఎవరు, కాయ ఒలిచినోళ్లు ఎవరు? ఈయప్ప గట్టు మీద కూచోని బీడీ తాగినాడు!"

తిప్పయ్య ఆమె వెనకే నిలబడి, కాదనకుండా, బీడీ మాత్రం పారేశాడు.

"సరే పో, మారుస్తాం," అంది బయమ్మ. వారం తిరక్కుండా "సుబ్బలక్ష్మమ్మ, తిప్పయ్య చేను" అని కొత్త లేబులు వచ్చింది. ఆడవాళ్లంతా ఆ లేబులు చూశారు. ఇంక చెప్పాలా? ఆ ఏడాది అతావుల్లా పెళ్లి కార్డుల కంటే మా ఊరి లేబుళ్లలో ఎక్కువ ఆడవాళ్ల పేర్లు కొట్టాడు. మా ఊరి మగవాళ్లలో నాలుగు రోజులు ఎవరూ టీ అంగడికి రాలేదు.

తర్వాత వచ్చిన కరువు అన్నిటికంటే పెద్దది. రెండు వేల తొమ్మిదో సంవత్సరం. ఈసారి మేఘాలు బోర్డు చదవడానికి కూడా రాలేదు. ముదిగుబ్బ లేదు, బెళుగుప్ప లేదు, కుందుర్పి లేదు. ఎక్కడా కాయ లేదు. కిరణ్ హిందూపురం నుంచి వచ్చాడు. కోపం ఎప్పుడో పోయింది. చిన్నమ్మ తట్ట ఖాళీగా ఉండడం చూడలేక, గుజరాతు కాయ దొరుకుతుందని, లారీ మాట్లాడతానని అన్నాడు.

"ఆడ ఎవరి చేనో తెల్సా?"

"గుజరాతులో నాకెట్ల తెలుస్తాది చిన్నమ్మా?"

"అయితే వద్దులే నాయనా. కాళ్లు కడుక్కో, బువ్వ తిందువు."

ఆ ఏడు చివరలో, అన్నీ అయిపోయాక, ఒక చిన్న జల్లు పడింది. దేనికీ చాలని వాన. ఉలవలకు మాత్రం చాలింది. సుబ్బలక్ష్మమ్మా, తిప్పయ్యా ఎండిన చేనులోనే ఉలవలు చల్లారు. చాలా తక్కువ వచ్చాయి. బయమ్మ వాటినే వేయించి పొడి కొట్టింది. నన్ను పిలిచింది. ఇద్దరం అనంతపురం పోయాం.

అతావుల్లాకు అప్పటికి ఇఫ్రా అనే కూతురు పుట్టింది. పిల్లను ఒళ్లో పెట్టుకుని ఒక చేత్తో టైపు చేస్తున్నాడు.

"చెప్పక్కా. ఎవరి చేను?"

"ముందు ఇది రాయి. ఈ ఏడు మా పక్క వాన లేదు. శెనక్కాయ లేదు."

అతావుల్లా చెయ్యి ఆగింది. "అక్కా, అమ్ముకునే సరుకు మీద లేదు, లేదు అని ఎవరన్నా రాస్తారా? కొనేవాళ్లు బెదిరిపోరా?"

"బెదరనీ. తెలుసుకోనీ. మేము ఏం తిన్నామో ఈ ఏడు వాళ్లూ తినాల. కింద రాయి, ఇవి ఉలవలు, సుబ్బలక్ష్మమ్మ, తిప్పయ్య చేను."

"ఎన్ని?"

"ఉండేది ఒక మూటే. ఒక షీటు చాలు."

అతను టైపు చేశాడు. మొదటి రెండు మాటలు చిన్నగా, ఉలవల పొడి అన్నది పెద్దగా పెట్టి, తెర ఆమె వైపు తిప్పాడు. బయమ్మ కళ్లు చిట్లించి చదివింది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, పైకే చదివింది. అంగట్లో పెళ్లి కార్డుల కోసం వచ్చినవాళ్లు తలలు తిప్పి చూశారు.

"ఉలవలు చిన్నగా ఉన్నా పర్వాలేదు," అంది. "వాన లేదు అన్నది పెద్దగా కొట్టు."